వాక్యూమ్ క్లాంప్ మీద ముక్క జారుతోందా? పంపు కొనేముందు ఇవి చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: ఎండీఎఫ్ పలకతో రూటర్ (తిరిగే బిట్‌తో చెక్కని చెక్కే మిషన్) పనికి వాక్యూమ్ జిగ్, అంటే కింద గాలి తీసేసి ముక్కని పట్టి ఉంచే పలక, చేసుకున్నారు, చుట్టూ ఫోమ్ టేప్ అంటించారు, లామినేట్ ఉన్న ముక్క పెడితే గట్టిగానే పట్టుకుంటోంది, అదే టేకు ముక్క పెడితే బిట్ తగలగానే పక్కకి జరిగిపోతోంది, పంపు దగ్గర గేజ్ మాత్రం 24 ఇంచులు చూపిస్తోంది, కాబట్టి ఇంకా పెద్ద పంపు కొనాలా అని. చివర్లో ఇదే పంపుని, ముక్కని తిప్పుతూ చెక్కే మిషన్ అయిన లేత్‌కి కూడా వాడొచ్చా అని ఇంకో ప్రశ్న. ముందే చెప్పేస్తున్నా, ఇప్పుడే పంపు కొనకండి. మీ తేడా దాదాపు ఖాయంగా జిగ్‌లోనే ఉంది, పంపులో కాదు, ఎందుకో వివరంగా రాస్తాను, కాస్త పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క చూద్దాం. పంపు చెక్కని కిందకి లాగుతోంది అనుకుంటాం గానీ పంపు చేసేదల్లా చెక్క కిందున్న గాలిని తీసేయడమే, నొక్కేది పైనున్న గాలి. సముద్రమట్టం దగ్గర ఆ గాలి ఒక్కో చదరపు సెంటీమీటరు మీద సుమారు 1.03 కేజీల బరువు వేస్తుంది, అంతకు మించి ఏ పంపు తెచ్చినా రాదు. గేజ్ మీద ఇంచులంటే పాదరసం లెక్క, గాలి పూర్తిగా తీసేస్తే 29.92 ఇంచులు, అంటే 760 మిల్లీమీటర్లు. ఒక్కో ఇంచుకి చదరపు సెంటీమీటరు మీద 0.0345 కేజీ వేసుకుంటే మీ 24 ఇంచులకి 0.83 కేజీ వస్తుంది. అంటే దొరికే దాంట్లో నూటికి 80 వంతులు మీ దగ్గర ఇప్పటికే ఉంది, ఎంత మంచి పంపు తెచ్చినా 28కి వెళ్తారు, 0.97 అవుతుంది, పెరిగేది ఆరో వంతు. బిట్ తగలగానే జరిగిపోయే ముక్క ఆరో వంతు పెరిగితే ఆగదు. (ఎత్తైన చోట షాపు ఉన్నవాళ్ళకి ఒక మాట, 1500 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడే 25 ఇంచులకి పడిపోతుంది, అక్కడ గేజ్ 23 చూపిస్తే పంపు చాలా బాగున్నట్టు, పాడైనట్టు కాదు.)

ఇప్పుడు విస్తీర్ణం. మీ ముక్క 8 సెంటీమీటర్ల వెడల్పు, 30 పొడుగు అన్నారు, కానీ లెక్కలోకి వచ్చేది ముక్క సైజు కాదు, ఫోమ్ టేప్ గీసిన గీత లోపలి భాగం. మీరు అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలికి, ఒక సెంటీమీటరు వెడల్పు టేప్ అంటించారంటే లోపల మిగిలేది 4 బై 26, అంటే దాదాపు 100 చదరపు సెంటీమీటర్లు. నిజంగా 24 ఇంచులు ఆ ముక్క కింద ఉంటే 83 కేజీలు కిందకి నొక్కాలి. 83 కేజీలంటే మామూలు కాదు, ఒక మనిషి ఆ ముక్క మీద ఎక్కి నిలబడినట్టు. మరి అంత బరువుంటే ఎందుకు జారుతోంది?

రెండు కారణాలు. మొదటిది, ఆ 24 ముక్క కింద లేదు, పంపు దగ్గర ఉంది. సన్నటి పైపులో గాలి పారుతున్నంతసేపూ పంపు దగ్గర ఒక రీడింగు, జిగ్ దగ్గర ఇంకో రీడింగు ఉంటాయి. లీక్ లేకపోతే పైపులో పారే గాలే ఉండదు కాబట్టి రెండూ ఒకటే, లీక్ పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. లామినేట్ ముక్కకి రెండు చోట్లా 24 ఉండి, టేకు ముక్కకి పంపు దగ్గర 24, జిగ్‌లో 14 ఉండటం నేనేమీ వింతగా చూడను. 14 అంటే 0.48, అంటే 83 కాస్తా 48 కేజీలు అయిపోయింది. గేజ్ తీసి జిగ్‌కే బిగించండి, పైపు వచ్చే రంధ్రం నుంచి దూరంగా ఇంకో మూల చిన్న రంధ్రం వేసి అక్కడ పెడితే ఇంకా మంచిది, పని చేస్తున్నప్పుడు తల తిప్పకుండా కనపడే చోట ఉండాలి. ఇది అన్నిటికంటే చవకైన మార్పు, అన్నిటికంటే ముందు చెయ్యాల్సిందీ ఇదే.

రెండో కారణం, నా దృష్టిలో అసలుది. గాలి కిందకి మాత్రమే నొక్కుతుంది, పక్కకి ఆపేది రాపిడి. రూటర్ బిట్ తోసేది పక్కకి. 48 కేజీల బరువు ఉన్నా, ముక్క ఆనుకున్నది పొడి పట్టిన ఫోమ్ మీద అయితే ఆ రాపిడి బరువులో మూడో వంతు కూడా ఉండదు, అంటే 15 కేజీల పక్క తోపుకి ముక్క బయల్దేరుతుంది. బిట్ కాస్త మొద్దుబారినా, ఒక్క పాస్‌లో ఎక్కువ లోతు తీసినా, గ్రెయిన్ (చెక్క పోగుల దిశ) తిరిగే చోట పోగు పట్టుకున్నా అంత తోపు చాలా తేలిగ్గా వస్తుంది. పైగా ఫోమ్ మెత్తన కదా, ముక్క దాని మీద తేలుతూ ఉంటే జారకముందే ఒరుగుతుంది, ఊగుతుంది, అంచు మీద అలలు అలలుగా గీతలు పడతాయి. మీ లామినేట్ ముక్క అంచులు వేలితో తడిమి చూడండి, అక్కడ కూడా సన్నగా అలలు తగిలితే నేను చెప్పిందే జరుగుతోందని అర్థం.

కాబట్టి ఫోమ్ టేప్‌ని పలక పైన అంటించి వదిలేయకండి, దానికి గాడి తియ్యాలి. 6 మిల్లీమీటర్ల మందం టేప్ అయితే సుమారు నాలుగున్నర, ఐదు లోతు గాడి తీసి అందులో అంటిస్తే పైకి ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు మాత్రమే కనపడుతుంది. ముక్క పెట్టి పంపు ఆన్ చెయ్యగానే టేప్ పూర్తిగా గాడిలోకి దిగిపోవాలి, ముక్క అడుగు జిగ్ గట్టి ముఖం మీద కూర్చోవాలి. గాడి టేప్ కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు వెడల్పు ఉంచండి, నలిగిన ఫోమ్ పక్కకి పోవడానికి చోటు కావాలి, లేకపోతే అదే స్ప్రింగులా ముక్కని పైకి లేపి ఉంచుతుంది. టేప్ క్లోజ్డ్ సెల్ (గాలి దూరని రకం) నియోప్రీన్ రబ్బరు గానీ ఈపీడీఎం రబ్బరు గానీ అయి ఉండాలి, స్పాంజిలా గాలి దూరే ఫోమ్ అస్సలు పనికిరాదు, ఒక ముక్క కోసి నోటితో గాలి ఊది చూస్తే తెలిసిపోతుంది. టేప్ చివరలు కలిసే చోట నిటారుగా కొయ్యకుండా ఏటవాలుగా కోసి ఒకదాని మీద ఒకటి వచ్చేలా కలపండి, మూలల్లో టేప్‌ని సాగదీసి వంచకండి, సాగిన చోట పలచబడి అక్కడే లీక్ మొదలవుతుంది.

గాడి లోపలి భాగంలో, గట్టి ముఖం మీద, 120 లేదా 150 నంబరు సాండ్ పేపర్ పట్టీలు అంటించండి, దానికి వెనక జిగురు ఉన్న రకం దొరుకుతుంది. రాపిడి అమాంతం పెరుగుతుంది. పట్టీల మధ్య ఖాళీలు ఉంచి, ఆ ఖాళీల్లో రెండు మిల్లీమీటర్ల లోతున అడ్డంగా నిలువుగా సన్న గాళ్ళు తీసి గాలి రంధ్రానికి కలపండి, అప్పుడు ముక్క అడుగంతా వాక్యూమ్ అందుతుంది, రంధ్రం చుట్టూ మాత్రమే పట్టి మిగతాది వదిలేయడం ఉండదు. సాండ్ పేపర్ మందం కూడా లెక్కలో వేసుకోండి, టేప్ పైకి వచ్చే ఎత్తు పేపర్ మీద నుంచి కొలవాలి. పాలిష్ అయిపోయిన ముఖం కింద ఉండాల్సి వస్తే మాత్రం సాండ్ పేపర్ బదులు పలచటి రబ్బరు షీట్ వాడండి, గీతలు పడవు.

ఇంకో మాట, వీలున్న ప్రతిచోటా ఒక ఆనుడు పెట్టండి. జిగ్ మీద బిట్ తోసే వైపు ఒక చిన్న చెక్క పట్టీ, లేదా ముక్క అడుగున ఎలాగూ స్క్రూ రంధ్రాలు వస్తాయి అనుకుంటే వాటిలో దిగేలా రెండు డోవెల్ పిన్నులు. పక్క తోపుని ఆనుడు తీసుకుంటుంది, కిందకి పట్టుకోవడం వాక్యూమ్ చూసుకుంటుంది. రెండు పిన్నులున్న జిగ్ మీద 10 ఇంచులతో కూడా నిశ్చింతగా పని చెయ్యొచ్చు, పిన్నుల్లేని జిగ్ మీద 25 ఉన్నా ఒక కన్ను గేజ్ మీద ఉంచాల్సిందే. వాక్యూమ్ ఉంది కదా ఇంక స్టాపులెందుకు అనేవాళ్ళని చాలామందిని చూశాను, ఆ మాటతో నేను అస్సలు ఏకీభవించను.

ఇక టేకు ఎందుకు లీక్ అవుతోంది అనేది. చెక్క అంతా సన్న గొట్టాల కట్ట లాంటిది. గొట్టాల పొడుగునా గాలి బాగా పారుతుంది, అడ్డంగా పెద్దగా పారదు. అందుకే ఎండ్ గ్రెయిన్ (అడ్డంగా తెగిన గొట్టాల చివరలు) కనపడే ముఖాలు, ఏటవాలుగా కోసిన ముఖాలు ఎక్కువ లీక్ అవుతాయి. ముక్క రెండు చివర్ల నుంచి గాలి దూరి, గ్రెయిన్ వెంట వచ్చి, అడుగున టేప్ లోపలి వైపు బయటపడుతుంది, పైకి చూస్తే మాత్రం సీల్ అంతా బాగున్నట్టే కనపడుతుంది. జాతిని బట్టి కూడా మారుతుంది, రెడ్ ఓక్‌లో గొట్టాలు తెరుచుకుని ఉంటాయి, చిన్న ముక్క తీసుకుని ఒక చివర నోటితో ఊదితే రెండో చివర గాలి వస్తుంది, వైట్ ఓక్‌లో అవే గొట్టాలు మూసుకుపోయి ఉంటాయి, అందుకే పీపాలకి దాన్నే వాడతారు. టేకులో పెద్ద రంధ్రాలు ఒక వలయంలా వస్తాయి కాబట్టి ఒకే పలకలో ఒక ముక్క బాగా పట్టి ఇంకోటి పట్టకపోవచ్చు. దీనికి మందు తేలిక, మిషన్ పనికి ముందు అడుగు ముఖానికి, రెండు చివర్లకి పలచగా ఒక కోటు షెల్లాక్ లేదా సాండింగ్ సీలర్ వెయ్యండి. అది కూడా వద్దనుకుంటే ముక్క అడుగున, ఫోమ్ టేప్ కూర్చునే గీత లోపలి భాగమంతా వెడల్పాటి మాస్కింగ్ టేప్ అంటించి పని అయ్యాక పీకేయండి. ముడి, పగులు, పురుగు రంధ్రం ఉంటే దాని మీద టేప్ తప్పనిసరి.

మీ జిగ్ కూడా ఎండీఎఫ్ కదా, అదీ లీక్ అవుతుంది. పైనా కిందా ఉన్న పొర గట్టిగా ఉంటుంది, లోపలి భాగం గుల్లగా ఉంటుంది, గాడి తీసిన చోటల్లా ఆ గుల్ల బయటపడుతుంది. గాళ్ళు, రంధ్రం లోపలి గోడలు, నాలుగు అంచులు, అడుగు అన్నిటికీ నీళ్ళు కలిపిన తెల్ల జిగురు ఒక కోటు, ఆరాక షెల్లాక్ లేదా పెయింట్ రెండు కోట్లు వెయ్యండి. కొత్తది చేసుకునేటట్టయితే మామూలు ప్లై కంటే ఫినాలిక్ పూత ఉన్న ప్లై లేదా రెండు వైపులా లామినేట్ ఉన్న బోర్డు మేలు, మామూలు ప్లైలో లోపల ఖాళీలుంటాయి, ఏ ఖాళీ ఎక్కడ తెరుచుకుంటుందో చెప్పలేం.

లీక్ జిగ్‌దా ముక్కదా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. చదునైన అద్దం ముక్క గానీ మందపాటి అక్రిలిక్ గానీ జిగ్ మీద పెట్టి పంపు ఆన్ చెయ్యండి. అవి గాలి పోనివ్వవు కాబట్టి వచ్చిన రీడింగు మీ జిగ్, పైపులు, పంపు కలిపి ఇవ్వగలిగిన గరిష్ఠం. అక్రిలిక్ అయితే ఇంకో లాభం, పైనుంచి చూస్తే టేప్ ఎక్కడ నలిగి నల్లగా అతుక్కుందో, ఎక్కడ బూడిదగా అతుక్కోకుండా ఉందో స్పష్టంగా కనపడుతుంది. తర్వాత పంపుకి, జిగ్‌కి మధ్య పైపు మీదున్న వాల్వ్ మూసి పంపు ఆపి ముల్లు చూడండి, నిమిషానికి ఒకటి రెండు ఇంచులు పడితే పర్లేదు, చూస్తుండగానే పడిపోతుంటే జిగ్‌లోనో పైపు జాయింట్లలోనో లీక్ ఉంది. తర్వాత అద్దం తీసి టేకు ముక్క పెట్టండి, రెండు రీడింగుల తేడా మొత్తం ముక్కదే. ముక్క మూలల్ని ఒక్కోటిగా అరచేత్తో నొక్కుతూ వినండి, ఏ మూల నొక్కితే సుయ్ శబ్దం ఆగి ముల్లు పైకి లేస్తుందో ఆ మూల ముక్క వంకరగా ఉంది.

వంకర గురించి ఆగి చెప్పాలి, ఇది చాలామందికి తట్టదు. పలచటి పలక కాస్త వంగి ఉంటే వాక్యూమ్ దాన్ని బల్లకి చదునుగా అతికించేస్తుంది. మీరు పైన చక్కగా లెవెల్ చేస్తారు, వాక్యూమ్ వదలగానే పలక మళ్ళీ తన వంకరకి తాను వెళ్ళిపోతుంది, లెవెల్ చేసిన ముఖం కూడా దానితోపాటు వంగుతుంది. కాబట్టి అడుగు ముఖం ముందు చిత్రికతోనో జాయింటర్‌తోనో చదును చేసుకున్నాకే వాక్యూమ్ మీద పెట్టండి. వంకర పలకని చదును చెయ్యడానికి వాక్యూమ్ సరైన పట్టు కాదు, దానికి కింద పచ్చర్లు (సన్నటి చెక్క చీలికలు) పెట్టి మామూలు క్లాంపులే వాడాలి.

పంపుల గురించి కూడా అడిగారు కాబట్టి కొంచెం. గాస్కెట్ (అంటే ఈ ఫోమ్ టేప్ లాంటి సీల్) ఉన్న చిన్న జిగ్గులకి ఎక్కువ వాక్యూమ్, తక్కువ గాలి చాలు, రోటరీ వేన్ పంపు (లోపల తిరిగే రెక్కలతో, అంటే వేన్లతో, గాలిని తోసే రకం) దీనికి సరిగ్గా సరిపోతుంది. వెంచురీ అంటే కంప్రెసర్ గాలిని సన్నటి దారిలో వేగంగా పంపి వాక్యూమ్ పుట్టించేది, దాన్లో కదిలే భాగాలే ఉండవు, అప్పుడప్పుడు ఒక జిగ్‌కి బాగుంటుంది గానీ ఆన్‌లో ఉన్నంతసేపూ కంప్రెసర్ గాలిని తాగుతూనే ఉంటుంది, లీక్ అయ్యే ముక్క పెడితే చేతులెత్తేస్తుంది. ఏసీ సర్వీసు పంపులు, ఫ్రిజ్ కంప్రెసర్లు లోతైన వాక్యూమ్ ఇస్తాయి కానీ అవి లీక్ లేని సిస్టం కోసం తయారైనవి, లీక్ జిగ్ మీద గంటల తరబడి నడిపితే వేడెక్కి నూనె కక్కుతాయి, ఆ నూనె ఆవిరి చెక్క మీద పడితే తర్వాత పాలిష్ పట్టదు.

సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే రూటర్ మిషన్) మీద ఎండీఎఫ్ స్పాయిల్‌బోర్డు (షీట్ కింద పరిచే పలక) గుండా గాలి లాగే పద్ధతి పూర్తిగా వేరే, దాన్ని మీ జిగ్‌తో కలిపి ఆలోచించకండి. అక్కడ రీజనరేటివ్ బ్లోయర్ (ఫ్యాన్ లాంటి పంపు) 6 నుంచి 9 ఇంచులు మాత్రమే ఇస్తుంది కానీ బోలెడంత గాలి లాగుతుంది, లీక్ అవుతున్నా లాగుతూనే ఉంటుంది. 6 ఇంచులంటే 0.2 కేజీ, వినడానికి తక్కువే, కానీ 4 బై 8 అడుగుల షీట్ అంటే దాదాపు 29,700 చదరపు సెంటీమీటర్లు, మొత్తం 6 టన్నుల దగ్గర. అదే షీట్‌లో 5 బై 5 సెంటీమీటర్ల ముక్క తెగి విడిపోగానే దాని వాటా 5 కేజీలు, అందుకే చిన్న ముక్కలు ఎగిరిపోతాయి. చిన్నవాటిని షీట్ గట్టిగా పట్టి ఉండగా ముందే, అదీ షీట్ మధ్యలో పెట్టి కొయ్యండి, ఆఖరి పాస్‌కి అర మిల్లీమీటరు పొర వదిలి నెమ్మదిగా తీసేయండి. పైకి లాగే అప్‌కట్ బిట్ బదులు కిందకి నొక్కే డౌన్‌కట్ వాడితే తేడా మీకే కనపడుతుంది, ఇది మీ రూటర్ జిగ్‌కి కూడా వర్తిస్తుంది.

పంపుకి, జిగ్‌కి మధ్య ఫిల్టర్ లేకపోతే ఈరోజే పెట్టండి, పారదర్శక గిన్నె ఉన్నదైతే పొడి ఎంత చేరిందో కనపడుతుంది. సన్నటి చెక్క పొడి నూనెతో కలిస్తే వేన్లు ఇరుక్కుపోతాయి. నూనె పాలలా తెల్లబడితే తేమ చేరినట్టు, మార్చేయాలి. పైపు మాత్రం వైరు చుట్టిన వాక్యూమ్ పైపే వాడండి, మామూలు మెత్తటి పైపు లోపలికి కుంచించుకుపోయి మీకు తెలియకుండానే గాలి దారి మూసేస్తుంది.

భద్రత విషయంలో ఒకటి గట్టిగా చెప్తాను. కరెంటు మొత్తం పోతే పంపుతోపాటు రూటర్ కూడా ఆగుతుంది కానీ బిట్ ఇంకా కొన్ని సెకన్లు తిరుగుతుంది, పంపు ఒక్కటే ట్రిప్ అయితే రూటర్ పూర్తి స్పీడులో ఉండగానే ముక్క వదులైపోతుంది. కాబట్టి పంపు నుంచి జిగ్‌కి వెళ్ళే పైపులో ముందు ఒక నాన్ రిటర్న్ వాల్వ్ (గాలిని ఒక్క వైపుకే పోనిచ్చేది), దాని తర్వాత జిగ్ వైపు ఒక ట్యాంకు పెట్టండి, ముక్క విడిచిపెట్టేలోపు రూటర్ వెనక్కి తీసుకోవడానికి టైం దొరుకుతుంది. ట్యాంకుగా కంప్రెసర్ ట్యాంకు లాంటి గట్టి స్టీలుది వాడండి, రేకు డబ్బాలు, పలచటి ప్లాస్టిక్ క్యాన్లు బయటి గాలికి ఒక్కసారిగా నలిగిపోతాయి. వాక్యూమ్ స్విచ్ పెట్టి రీడింగు తగ్గితే మోగేలా బజర్ కలిపితే ఇంకా మంచిది, సీఎన్‌సీ అయితే ఆ స్విచ్ నేరుగా మిషన్ ఆపేలా కలపాలి. రూటర్ ఆన్ చేసేముందు ప్రతిసారీ అరచేతి మడమతో ముక్కని పక్కనుంచి గట్టిగా తొయ్యండి, మీ చేతికి కదిలింది బిట్‌కి కచ్చితంగా కదులుతుంది. అరచేతి కంటే చిన్న ముక్కల్ని వాక్యూమ్ ఒక్కదాన్నే నమ్మి రూటర్ చెయ్యొద్దు.

ఇక లేత్ సంగతి. మీ పంపే వాడొచ్చు, హెడ్‌స్టాక్ వెనక బేరింగ్ ఉన్న రోటరీ కప్లింగ్ (తిరిగే స్పిండిల్‌కి కదలని పైపుని కలిపేది) కావాలి, స్పిండిల్ బోలుగా ఉండాలి, డ్రమ్ చక్ అంచుకి అదే క్లోజ్డ్ సెల్ ఫోమ్. ఇక్కడ సమస్య రివర్స్ అవుతుంది, పట్టు తక్కువై కాదు, ఎక్కువై ముక్క పగులుతుంది. 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చక్ మీద 0.8 చొప్పున 140 కేజీలు, అదే 30 సెంటీమీటర్ల చక్ మీద పళ్ళెం లాంటి ముక్క పెడితే 565 కేజీలు, పలచగా తీసిన అడుగు దానికి తట్టుకోదు, లోపలికి విరిగిపోతుంది. అందుకని గేజ్ పక్కనే ఒక బ్లీడ్ వాల్వ్ (బయటి గాలిని కావాల్సినంత లోపలికి వదిలేది) పెట్టి అది తెరిచి ఉంచే పంపు ఆన్ చెయ్యండి, ముక్కని చక్‌కి ఆనించి ముల్లు చూస్తూ కొద్దికొద్దిగా మూయండి, పలచటి గిన్నెలకి పెద్ద చక్ మీద 8, 10 ఇంచుల దగ్గర ఆపేయండి. టెయిల్‌స్టాక్ (ముక్కని ఎదురు వైపు నుంచి నొక్కే భాగం) ఆనించి ఉంచగలిగినంతసేపు ఉంచి, అడుగున మిగిలిన చివరి బుడిపె తీసేటప్పుడు మాత్రమే వెనక్కి జరపండి, ఆ చివరి కోతలు కూడా స్పీడు తగ్గించి, బాగా పదునున్న ఉలితో పలచగా తియ్యండి.